ఎల్విస్ పాడాలంటే సగం రాసివ్వాలి

పాట రాసినవాళ్ళ దగ్గర నుంచి పాడేవాళ్ళ దగ్గరికి ఎలా చేరుతుంది, మధ్యలో ఎవరెవరు చెయ్యి పెడతారు... ఈ ఎపిసోడ్ దాని గురించే. మన సినిమాల్లో మామూలుగా డైరెక్టర్ సందర్భం చెబుతాడు, ట్యూన్ వస్తుంది, రచయిత మాటలు కూరుస్తాడు. 1950ల అమెరికాలో చాలా పాటలు ముందే పుట్టేవి. తర్వాత సింగర్‌ని వెతుక్కోవాలి.

ఆ వెతికే పని పబ్లిషర్‌ది. అంటే పుస్తకాలు వేసేవాడు కాదు. పాట హక్కులు తన దగ్గర పెట్టుకుని, రికార్డ్ కంపెనీల చుట్టూ తిప్పి, రాయల్టీలో వాటా తీసుకునేవాడు. తిప్పే మనిషిని సాంగ్ ప్లగ్గర్ అనేవారు. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 1619 నంబర్, బ్రిల్ బిల్డింగ్ నిండా ఇలాంటి ఆఫీసులే. ఒకప్పుడు ప్లగ్గర్లు పియానో వాయించి వినిపించేవారు, తర్వాత డెమో రికార్డులు వచ్చాయి.

ఇప్పుడు ఓటిస్ బ్లాక్‌వెల్ దగ్గరికి వద్దాం. బ్రూక్లిన్‌లో పుట్టిన నల్లజాతి రచయిత. 1955లో క్రిస్మస్ ముందు రోజు చేతిలో డబ్బు లేక ఆరు పాటలు ఒక్కొక్కటి 25 డాలర్లకు ఇచ్చేశానని తర్వాత ఆయనే చెప్పారు. వాటిలో ఒకటి ‘డోంట్ బీ క్రూయెల్’. అది ఎల్విస్ ప్రెస్లీ దాకా వెళ్ళింది. కానీ ఎల్విస్ పాటల వ్యవహారమంతా హిల్ అండ్ రేంజ్ అనే పబ్లిషింగ్ కంపెనీ చూసుకునేది. అక్కడ షరతు ఏంటంటే, రచయితల్లో ఎల్విస్ పేరు కూడా పడాలి, రాయల్టీలో సగం వదులుకోవాలి. ఎల్విస్ ఒక్క ముక్క రాయలేదండీ! బ్లాక్‌వెల్ ఒప్పుకున్నారు. 1956 జూలై 2న రికార్డింగ్, ఆ ఏడాదే నంబర్ వన్.

తప్పు చేశాడా అంటే నేను అనను. ఎవరూ పాడని పాటలో మొత్తం వాటా ఉన్నా వచ్చేది సున్నా. కానీ జేబు ఖాళీగా ఉన్నప్పుడు చేసే సంతకాన్ని బేరం అనడం కూడా కష్టమే. ఇంకో సంగతి: డెమోలు బ్లాక్‌వెల్ తనే పాడి పంపేవారు, ఎల్విస్ ఆ పాడే తీరును కూడా దగ్గరగా పట్టుకునేవాడు. దానికి క్రెడిట్ లేదు. ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కలవలేదు.

ఇదే షరతు డాలీ పార్టన్‌కీ వచ్చింది. 1974లో వచ్చిన ఆవిడ పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ని ఎల్విస్ పాడాలనుకున్నాడు. మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ పబ్లిషింగ్‌లో సగం అడిగాడు. ఆవిడ కుదరదన్నారు, రాత్రంతా ఏడ్చానని కూడా చెప్పారు. అయితే తేడా చూడండి: అప్పటికే ఆ పాట ఆవిడ గొంతులోనే కంట్రీ చార్టులో నంబర్ వన్. కాదనగలిగే స్తోమత ఉంది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడితే 14 వారాలు నంబర్ వన్‌లో ఉంది. హక్కులు మాత్రం డాలీవే.

మన దేశంలో సినిమా పాటల రచయితలు రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకోకుండా చట్టం అడ్డుపడింది 2012 సవరణతోనే.

బ్లాక్‌వెల్ తర్వాత కూడా ఎల్విస్‌కి రాశారు. 1962లో ‘రిటర్న్ టు సెండర్’ వచ్చింది. రచయితలుగా బ్లాక్‌వెల్, విన్‌ఫీల్డ్ స్కాట్, అంతే. ఎల్విస్ పేరు లేదు. ‘ఫీవర్’ పాటకి ఆయన దొంగపేరు ఎందుకు పెట్టుకున్నారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.