కోల్‌కతాలో దాచిన పిండం

టెస్ట్‌ట్యూబ్ బేబీ అనగానే 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో పుట్టిన లూయీస్ బ్రౌన్ పేరే చెబుతాం. పది వారాలకే, అక్టోబర్ 3న, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలించి కోల్‌కతాలో మరో పాప పుట్టింది. నేటి ఐవీఎఫ్ కేంద్రాల పద్ధతికి ఈ రెండో ప్రయోగమే దగ్గరి చుట్టమని నా వాదన. ఇంగ్లండ్‌లో సహజ ఋతుచక్రంలో పండిన ఒక్క అండాన్ని పొట్ట దగ్గర లాప్రోస్కోపీతో తీశారు. ముఖోపాధ్యాయ హార్మోన్ ఇంజెక్షన్లతో ఎక్కువ అండాలు పండించి, యోని మార్గంలో బయటికి తీశారు. ఫలదీకరించిన పిండాలను, లోపల మంచు స్ఫటికాలు కట్టి కణాలు చిట్లిపోకుండా డీఎంఎస్‌ఓ అనే ద్రావకం కలిపి, గడ్డకట్టించి దాచారు. మరో నెలసరి చక్రంలో, గర్భాశయం సిద్ధమయ్యాకే లోపల ఉంచారు. ఇవాళ లక్షల మందికి జరుగుతున్నది ఇదే.

ఆయన తన పనిని పూర్తి వివరాలతో, నిపుణుల పరిశీలనకు నిలిచేలా ప్రచురించలేదన్న అభ్యంతరం బలమైనదే. శాస్త్రానికి రుజువు కావాలి. కానీ రుజువు చూపే దారినే మూసేశారు. రాష్ట్ర ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు, జపాన్ వెళ్లి చెప్పుకోవడానికి అనుమతి దొరకలేదు, చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనత అందుకున్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ రాతప్రతులు చదివి, ఆ ఘనత ఆయనదేనని 1997లో స్వయంగా ప్రకటించారు.