పందిరి నీడ నుండి పాలిథిన్ కప్పు వఱకు

పొలమునకు కప్పు వేసి కూరగాయలు పండించుట నిన్న మొన్న వచ్చిన సీమవిద్య యని పలువురు తలంచుచుందురు. అది కొంతవఱకే నిజము. తమలపాకు తోట నెఱిగిన గోదావరి రైతునకు అందలి మర్మము క్రొత్తది గాదు. ముందుగా అవిసె విత్తి, అది ఎదిగిన పిదప దాని మొదట తీగ నాటి ప్రాకింతురు. చుట్టును దడి కట్టి గాలిని నిలుపుదురు. తీగకు వలసిన నీడయు చెమ్మయు అట్లు చేకూరును. బీర, పొట్ల, ఆనప పందిళ్ళ మాట వేఱు. అవి తీగకు ఊతలే కాని రక్షలు కావు. తమలపాకు తోట మాత్రము మొక్క కొఱకు ప్రత్యేకముగ ఒక వాతావరణమునే కల్పించినది.

పశ్చిమ ఖండమున ఈ విద్య రాజభోగముగ మొదలైనది. రోమక చక్రవర్తి తిబేరియసునకు దోసకాయలు మిక్కిలి ప్రీతి. క్రీ. శ. మొదటి శతాబ్దమున ఆతని తోటమాలులు చక్రములు గల మళ్ళలో దోసపాదులు పెంచి, ఎండలోనికి దొర్లించుచు, చలిదినములందు కాంతి చొచ్చు రాతిపలకల క్రిందికి చేర్చెడివారని ప్లినీ వ్రాసెను. తరువాత వచ్చిన గాజు ఇండ్లును కలవారివే. 1933లో ఇంగ్లండున పాలిథిన్ బయల్పడెను. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఎమెరీ ఎమ్మర్టు అను ఉద్యాన శాస్త్రజ్ఞుడు గాజునకు బదులు చవుకైన ప్లాస్టిక్ పొరను చట్రమునకు తొడిగి మొక్కలు పెంచెను. నేటి పాలీహౌసులకు అదియే మూలము.

అయితే చలిదేశములలో కప్పు వేయుట వెచ్చదనము కొఱకు. మన దేశమున లడఖులోను శీతకాలమున ఆకుకూరలు అందుకొఱకే కప్పు క్రింద పెరుగును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతమున వెచ్చదనమునకు కొదువ యేమి? ఇచ్చట కప్పు వానకును, తీక్ష్ణమగు ఎండకును, పురుగునకును అడ్డు. రోహిణీకార్తెలో పాలిథిన్ క్రింద వేడి చిక్కుకొనినచో పూత రాలిపోవును. గాన కప్పునకు పైభాగమున గాలి వెడలు దారి విడువవలెను. పెక్కు పంటలకు పాలిథిన్ కంటె నీడనిచ్చు షేడ్‌నెట్టే మేలు.

నేల విషయమును గమనింపదగినది. బుడమేరు, తమ్మిలేరుల నీరు కొల్లేట చేరి ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు పోవలెను. వెడలుట ఆలస్యమైనచో చుట్టుపల్లముల వారములకొలది నీరు నిలుచును. అట్టిచోట కప్పు వాన నాపగలదు గాని క్రిందినుండి వచ్చు ముంపు నాపలేదు. తాడేపల్లిగూడెము చెంతనున్న మెట్టనేలలే ఈ సేద్యమునకు తగినవి. ఆ మెట్టలోని వేంకటరామన్నగూడెముననే 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసెను. దానికి రెండేండ్లు ముందుగా మొదలైన జాతీయ ఉద్యాన పథకము క్రింద పాలీహౌసులకు రాయితీలు లభించుటతో ఈ పేరు పల్లెలకు ప్రాకెను.

రాయితీ వచ్చినంతనే పంట రాదు. సన్నని వల తెల్లదోమను ఆపును. టమాటాకు ఆకుముడత తెగులును మోసికొని వచ్చునది ఆ దోమయే. కాని ఆ వలయే తేనెటీగను గూడ ఆపును. అందుచేతనే కప్పు క్రింద పరాగ సంపర్కము లేకయే కాయు కీరదోస రకములను ఎన్నుకొందురు. ఇక వాన తడపని నేలలో ఎరువుల ఉప్పు పేరుకొనును. ఏటేట ఒకే పంట వేసినచో వేళ్ళకు బొడిపెలు కట్టించు నులిపురుగులు బలియును. తోటకు వాన శత్రువే కాదు, చాకలి కూడ!

చిన్నరైతునకు ఈ విద్యలో నిజముగ అచ్చివచ్చినది నారు పెంపకము. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో వల క్రింద మిరప, వంగ, టమాటా నారు పోసినచో కొద్దిపాటి చోటు చాలును. విత్తనము వృథా కాదు. వేరు చెదరక మొక్క పొలమునకు చేరును. ఎకరము కప్పుటకు అప్పు చేయుట కంటె ఇది మేలైన ఆరంభము.

ఏలనన తీరమున గాలివానల బెడద ఉండనే యున్నది. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటలనే నేల గూల్చెను. 2023 డిసెంబరున బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ కోతకు వచ్చిన వరిని ముంచెను. తుపాను హెచ్చరిక వినబడిన రాత్రి పాలీహౌసు రైతు తేల్చుకొనవలసినది ఒకటే: పట్టాను కోసివేసినచో చట్రము నిలుచును, లోని పంట తడిసి పోవును, ఉంచినచో గాలి పట్టాను తెరచాపగ పట్టి చట్రమును, పంటను, అప్పు తీర్చు ఆశను కలిపి పెకలించును.