చీకటి ఎవరి పేరు?

మన గూడేలలో యేసును నమ్మినవారు ఉన్నారు, కొండదేవతలను కొలిచేవారూ ఉన్నారు. ఇరువురి ఇళ్లలోనూ తరచు ఒక మాట వినబడుతుంది: మన తాతలు చీకటిలో బతికారని. ఆ మాట విన్న పిల్లలు అవ్వ పాటను, ఇంటి భాషను సిగ్గుతో దాచుకుంటున్నారు. అందుకే ఈ మాట ఎక్కడ నుంచి వచ్చింది, మొదట దాని అర్థం ఏమిటి, అది మన మీదికి ఎలా వచ్చింది అన్నది మన యువత, మన ఉపాధ్యాయులు తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం. ఏ మతాన్నీ తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

క్రైస్తవ విశ్వాసంలో వెలుగు, చీకటి చాలా పాత మాటలు. ఆదికాండములో దేవుడు వెలుగును పుట్టించాక చీకటిని చెరిపేయలేదు. దానికి రాత్రి అని పేరు పెట్టి దాని చోటు దానికిచ్చాడు. నిర్గమకాండములో మోషే దేవుణ్ణి కలుసుకోవడానికి గాఢమైన చీకటి దగ్గరికే వెళ్లాడు. కాబట్టి బైబిల్లో చీకటి అన్నిచోట్లా చెడ్డది కాదు. ఈ సంగతి మనకు కొత్తగా అనిపించదు. ఇప్పపువ్వు రాలేది రాత్రి చీకట్లోనే, పెద్దలు కథలు చెప్పేదీ రాత్రి నెగడు చుట్టూనే.

మరి చీకటి ఎప్పుడు దుఃఖమైంది? క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో అష్షూరు సైన్యాలు ఇశ్రాయేలు ఉత్తర ప్రాంతాలను తొక్కేశాయి. ఆ గలిలయ ప్రాంత ప్రజలను చీకటిలో నడిచినవారని యెషయా గ్రంథం అంటుంది. ఆ వెంటనే వారి మెడమీది కాడి గురించి, వారిని కొట్టిన కర్ర గురించి చెబుతుంది. అంటే అక్కడ చీకటి వారి అజ్ఞానానికి పెట్టిన పేరు కాదు, వారి మీద పడిన అణచివేత. వెలుగు రావడమంటే ఆ కాడి విరగడం.

యోహాను సువార్త మరో అర్థం చెబుతుంది. చెడ్డ పని చేసేవాడు తన పని బయటపడుతుందని వెలుగుకు దూరంగా ఉంటాడు. యోహాను మొదటి పత్రిక ఇంకా సూటిగా ఉంటుంది: సోదరుణ్ణి ద్వేషిస్తూ వెలుగులో ఉన్నానని చెప్పుకునేవాడు ఇంకా చీకటిలోనే ఉన్నాడు. ఇక్కడ కొలత మనిషి చేసే పని. అతని పుట్టుక, భాష, ఊరు లెక్కలోకి రావు.

తొలి సంఘాలవారు దీన్ని ఇలాగే అర్థం చేసుకున్నారు. 2వ శతాబ్దపు జస్టిన్ బాప్తిస్మాన్ని వెలుగు పొందడం అని రాశాడు. 4వ శతాబ్దంలో యెరూషలేములో బాప్తిస్మం పొందేవారు ముందు పడమటి వైపు తిరిగి సాతానును విడిచిపెడుతున్నామని చెప్పేవారు, తరువాత తూర్పుకు తిరిగేవారు. ప్రతి మనిషీ తనలోని చీకటినే విడిచిపెట్టాడు. వేలు పక్కవాడి వైపు చూపలేదు.

19వ శతాబ్దానికి ఈ వేలు దిశ మారింది. ఐరోపా దేశాలు వలసలు పెంచుకుంటున్న కాలంలో చీకటి అన్నది నేలలకు, జాతులకు పేరైంది. 1878లో స్టాన్లీ తన ఆఫ్రికా ప్రయాణ గ్రంథం పేరులోనే ఆ ఖండాన్ని చీకటి ఖండం అన్నాడు. మిషనరీల రాతల్లోనూ ఈ మాట మామూలైంది. అయితే ప్రశ్నించినవారూ క్రైస్తవుల్లోనే ఉన్నారు. సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో, ఇంగ్లండులోనూ అలాంటి కటిక చీకటి ఉంది కదా అని లండన్ పేదల బతుకులు చూపిస్తూ పుస్తకమే రాశాడు.

ఇక మన గోదావరి అడవులకు వద్దాం. ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషను మొదలైంది. తరువాత జాన్ కెయిన్ అనే పాదిరీ అక్కడ ఉండి కోయల ఆచారాల గురించి రాశారు. అదే కాలంలో, 1879లో రంప తిరుగుబాటు లేచి రేకపల్లి వైపు కూడా పాకింది. ఎందుకు లేచింది? కల్లు మీద పన్ను వేశారు. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్నీ అడ్డుకున్నారు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు డిక్రీలు చూపి పశువులను, పంటలను పట్టుకుపోయారు. పోలీసుల బాధ వేరే. విచారణకు వచ్చిన సలివాన్ అనే అధికారి కూడా మన్సబుదారు దౌర్జన్యాన్ని గుర్తించాడు. యెషయా కొలతతో చూస్తే మన తాతలు చీకటిలో ఉన్న మాట నిజమే. కాని ఆ చీకటిని తెచ్చిపెట్టినవారు వేరు. యోహాను కొలతతో చూస్తే చీకటి పనులు ఎవరివో దొంగ లెక్కలు రాసిన కాగితాలే చెబుతాయి.

ఈ కొలతను బతికి చూపిన మిషనరీ కథ ఖాసీ కొండల్లో ఉంది. వేల్స్ నుంచి థామస్ జోన్స్ 1841లో సోహ్రా చేరాడు. ఖాసీ భాషకు రోమన్ లిపి కుదిర్చి, వారి మాటలోనే చదువు చెప్పాడు. హ్యారీ ఇంగ్లిస్ అనే వ్యాపారి ఖాసీలను దోచుకుంటుంటే ఎదురు నిలిచాడు. ఇంగ్లిస్ పలుకుబడి గలవాడు. 1847లో మిషనుతో జోన్స్ సంబంధం తెగింది. తరువాత ఆ కొండలే విడిచిపోవలసి వచ్చింది. 1849లో కలకత్తాలో చనిపోయాడు. చీకటి కొండవాళ్లలో కాక తనవాళ్ల పనుల్లో ఉందని అతడు చూశాడు. ఖాసీలు ఈనాటికీ అతణ్ణి తమ అక్షరాలకు తండ్రిగా తలచుకుంటారు.

ఈ కొలత మనకూ వర్తిస్తుంది. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలామెను కొట్టి చంపడం చీకటి పనే. బడికి పోవలసిన పిల్లకు పెళ్లి చేయడం చీకటి పనే. మన ఆచారం అని చెప్పినంత మాత్రాన అవి వెలుగు కావు. అలాగే ధింసా ఆడటం, విత్తనాల పండుగ చేసుకోవడం, కోయ భాషలో మాట్లాడటం ఎవరికీ హాని చేసే పనులు కావు. వాటిని చీకటి అనడానికి కారణం లేదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఇది. పాఠంలో గాని, ప్రసంగంలో గాని చీకటి జనం అన్న మాట వస్తే పిల్లలతో రెండు ప్రశ్నలు అడిగించండి. ఏ పనిని చీకటి అంటున్నారు? ఆ పని చేసింది ఎవరు? జవాబు వెతుకుతూ పిల్లలు పెద్దల దగ్గర కూర్చోవాలి, పాత రికార్డులు చదవాలి. తాతల చరిత్ర వారికి తెలిసేది అప్పుడే.