పర్లాకిమిడి పంతులుగారి చెవులు

నౌపడాలో దిగి గుణుపూర్ వెళ్లే బండి ఎక్కితే పాతపట్నం దాటాక వచ్చే ఊరు పర్లాకిమిడి. 1900లో అక్కడికి వేసిన చిన్న పట్టాల మీద నడిచిన బండి 2004లో ఆగిపోయింది. తరువాత పెద్ద లైను వేశారు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. అయినా అక్కడి బజారులో మీరు తెలుగులో బేరమాడవచ్చు. సరిహద్దు ఊళ్లలో కాపురముంటున్న మీకు ఇందులో వింత ఏమీ కనబడదు. రాష్ట్రం పేరు మారినంత సులువుగా ఇంట్లో మాట మారదు కదా!

ఆ ఊళ్లో యాభై ఏళ్లకు పైగా బతికిన ఒక బడిపంతులుగారి సంగతి ఈ రోజు మీతో ముచ్చటిస్తాను. పేరు చెబితే మీరంతా గుర్తుపడతారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష కోసం పోరాడారని పిల్లల పాఠాల్లో కూడా ఉంది. అయితే ఆయన జీవితచరిత్రలు తిరగేస్తుంటే ఒక సంగతి దగ్గర నాకు ప్రతిసారీ చెయ్యి ఆగిపోతుంది. సవరల అడవుల్లో తిరిగినప్పుడు మలేరియా తగిలిందనీ, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందనీ ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే బిరుదుల దగ్గరికి వెళ్లిపోతారు. భాషను పరిశోధించే మనిషికి చెవులు పోవడం ఒక్క వాక్యంలో తేలిపోయే విషయమా?

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద చేరారు. ఆ తరువాత ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి శాసనాల లిపి తనంతట తానే నేర్చుకున్నారు. ప్రాచీన కళింగనగరం ఆ ముఖలింగమేనని వాదించారు. నడగాం రాగిశాసనాన్ని ఆయన పరిష్కరించగా ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. బడి పని చూసుకుంటూనే ఇదంతా చేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలున్నాయి. ఆ కొండల్లో ఉండేవాళ్లు సవరలు. వాళ్లు తమను సొర అని చెప్పుకుంటారు, సవర అనేది మనవాళ్లు పిలిచే పేరు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులనూ శబరులనూ పుండ్రులు, పుళిందులు మొదలైన వారితో కలిపి ఒకే వరుసలో చెప్పారు. అంత పాత ఇరుగుపొరుగు మనది. ఇంతకాలం పక్కపక్కనే ఉండి వాళ్ల మాట మనలో ఎంతమందికి వచ్చునంటే చెప్పడానికి సిగ్గేస్తుంది.

పంతులుగారు సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి ఏళ్లు పట్టింది. అది తెలుగుకు బంధువైన భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. అందులో గొంతును ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఒకటుంది. మనం పెదవి విప్పకుండా 'వద్దు' అన్నట్టు మూలుగుతాం చూడండి, ఆ మూలుగు మధ్యలో గొంతు పట్టేసినట్టవుతుంది. అదే ఆ ధ్వని. మనకు అది మూలుగులోనే తప్ప మాటలో లేదు. వాళ్లకు అక్షరమంత ముఖ్యం. మనం రెండు మాటల్లో చెప్పేదాన్ని, నామాన్ని కుదించి క్రియలో ఇరికించి, వాళ్లు ఒక్క మాటలో చెప్పగలరు. ఇటువంటి భాషను పట్టుకోవాలంటే ఎంత చెవి కావాలి!

ఆ చెవి కోసమే అడవికి వెళ్లారు, అడవిలో జ్వరం పట్టుకుంది. ఆ రోజుల్లో మన్యపు జ్వరానికి క్వినైనే దిక్కు. మోతాదు మించితే చెవుల్లో హోరు పుట్టి వినికిడి మందగించడం ఆ మందుకున్న గుణం. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. పంతులుగారికి రాలేదు.

అయినా ఆయన పని ఆపలేదు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1913లో ప్రభుత్వం బిరుదిచ్చింది. సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో ఇంగ్లీషులో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. తరువాత నిఘంటువులు కూడా వచ్చాయి. చెవి వినపడని పండితుడు ధ్వనుల గురించి రాశారంటే, ఓపికగా మళ్లీ మళ్లీ పలికి చూపిన సవరల పాలు అందులో ఎంతుందో ఊహించండి. పుస్తకం అట్ట మీద ఆ పేర్లు లేవు.

'చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు' అని మనకో సామెత ఉంది. ఇది తెలిశాక ఆ సామెత అనబుద్ధి కాదు నాకు.

ఇక తెలుగు సంగతి. యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు, మీ పుస్తకాల భాష మీ నోటి భాషలా ఎందుకు లేదని అడిగిన ప్రశ్నతో ఉద్యమం మొదలైందని చెబుతారు. నిజమే కాని, కొండల్లో సవర పిల్లవాడు తన మాటలో పాఠం అందుకోవడం చూసిన పంతులుకు, తెలుగు పిల్లవాడు తెలుగే అర్థం కాక తల పట్టుకోవడం ముందే కనబడి ఉంటుందని నా ఊహ. వాదంలో ఆయన పద్ధతి గమనించండి. జనం ఇలా మాట్లాడుతున్నారు అనడంతో సరిపెట్టలేదు. పాత వచనాలూ వ్యాఖ్యానాలూ ముందు పెట్టి, పండితుల గ్రాంథికంలోనే ఎన్ని తప్పులున్నాయో పుట తీసి చూపించారు. 1925లో తణుకు సభలో ఇలాగే నాలుగు గంటలు మాట్లాడారు. వినికిడి పోయిన మనిషి కంటితో సాక్ష్యం వెతికాడని నాకనిపిస్తుంది. అంతకు ముందు 1919లో పెట్టిన 'తెలుగు' పత్రిక ఏడాదిపాటే నడిచింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పాతపట్నం, టెక్కలి వైపు మద్రాసులో ఉండిపోయాయి, పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు వెళ్లింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊరిని అలా కలపడం పంతులుగారికి ఇష్టం లేదు. ఆ రోజు ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడో ఏడు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

మీలో చాలామంది పెద్దలు అలా వెళ్లలేదు. ఊళ్లోనే ఉండి, ఇంట్లో తెలుగూ బడిలో మరో భాషతో పిల్లలను పెంచారు. ఎవరిది సరైన పని అని అడిగితే నేను చెప్పలేను. వెళ్లిన మనిషికి సవరల కొండలు దూరమైపోయాయి, అది మాత్రం నిజం.

ఆ గీత సవరల మధ్య కూడా పడింది. అదే 1936లో ఒరిస్సా వైపున మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కట్టాడు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో రెండు ప్రభుత్వాలూ సవర పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు వేయించాయి. పంతులుగారు బడులు పెట్టిన సుమారు నూరేళ్లకు! ఆంధ్ర వైపు వాచకం తెలుగు లిపిలో ఉంది, ఒడిశా వైపుది ఒడియా లిపిలో ఉంది. మహేంద్రగిరికి అటూ ఇటూ ఉన్న మేనత్త బిడ్డా మేనమామ బిడ్డా పండక్కి కలిసినప్పుడు సవరలోనే మాట్లాడుకుంటారు. ఒకరి పుస్తకం మాత్రం ఇంకొకరు చదవలేరు.