విడిది వదిలేటప్పుడు

పోయిన శీతాకాలంలో మేం అయిదుగురు ఆడవాళ్ళం ఒక కథాసంకలనం పని మీద భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇల్లు రెండు రోజులకి అద్దెకి తీసుకున్నాం. కథలు చదువుకున్నాం, కొట్లాడుకున్నాం, కొన్ని తీసేశాం, కొన్ని కలుపుకున్నాం. సంకలనం మీద రాని పెద్ద గొడవ, మూడో రోజు పొద్దున్న ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వచ్చింది. పదకొండు గంటలకి తాళం ఇచ్చెయ్యాలి. నేను లేచిన దగ్గర్నించీ దుప్పట్లు మడతలు పెడుతున్నాను. ఒక స్నేహితురాలు బాత్‌రూం తలుపు వేసుకుని అరగంట నించీ కడుగుతోంది. మా అందరిలోకీ చిన్నది, యూనివర్సిటీలో చరిత్ర చెప్పే అమ్మాయి, మంచమ్మీద కూర్చుని నవ్వింది. “అక్కా, బిల్లులో క్లీనింగ్ ఛార్జీలని వేరే వేశారు. డబ్బులు తీసుకున్నాక మనతో ఊడ్పించుకోవడం ఏమిటి? ఇంట్లో రోజూ చేసే చాకిరీ నించి తప్పించుకుందామనే కదా ఇంత దూరం వచ్చాం?”

ఆ మాటలో నిజం ఉంది. అయినా నా చేతులు ఆగలేదు. ఎందుకు ఆగలేదా అని తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఎవరింట్లోనో రెండు రాత్రులు గడిపి వెళ్ళేటప్పుడు ఆ ఇంటిని ఎలా వదిలి వెళ్ళాలి అన్న ప్రశ్న చాలా చిన్నది. అయితే మన దగ్గర దానికి పాత చరిత్ర ఉంది. బాటసారి ఎక్కడ దిగాడో, ఏం తిన్నాడో, ఎవరు పెట్టారో మన పుస్తకాలు చెప్తాయి. లేచి వెళ్ళాక ఆ చోటు ఎవరు ఊడ్చారో వెతుక్కోవాలి.

ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసు నించి కాశీకి బయలుదేరాడు. వందమంది దాకా ఉన్న పరివారంతో పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరాడు. మిత్రుడు శ్రీనివాసపిళ్ళెకి రాసిన ఉత్తరాలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీ మజిలీకీ సత్రం ఉందా, మంచినీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని శ్రద్ధగా రాసుకున్న మనిషి ఆయన. ఆ శ్రద్ధ వల్లనే ఆనాటి దారులు ఇవాళ మనకి కనిపిస్తున్నాయి. ప్రయాణికుడి చూపు ఎప్పుడూ చేరుకోబోయే చోటి మీదే ఉంటుంది. వంద మంది వండుకుని తిని తెల్లారి కదిలిపోయాక అక్కడ మిగిలే పొయ్యిరాళ్ళు, బూడిద, ఆకులు, ఎద్దుల పేడ ఆ ఊరివాళ్ళ వంతు.

సత్రాలు కట్టించిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం చరిత్రలో నిలిచాయి. మధురని పదిహేడో శతాబ్దం చివర్లో ఏలిన తెలుగు నాయక రాణి మంగమ్మ బాటలు వేయించింది, చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది. మధురలో ఆమె పేరు మీద సత్రం ఉంది. తంజావూరు మరాఠా రాజ్యంలోనూ అంతే. ముక్తాంబ, యమునాంబ వంటి రాజు ఇంటి స్త్రీల పేర్లే సత్రాల పేర్లయ్యాయి. ఒరత్తనాడులోని ముక్తాంబ సత్రం రెండవ శరభోజి ప్రియురాలి పేరున వెలిసింది. పెళ్ళాడిన రాణి కాకపోయినా ఆమె పేరు రాతిలో నిలబడింది. ఈ సత్రాల గురించి 1801లో శరభోజి ఇంగ్లీషు రెసిడెంటుకి ఒక లేఖ రాశాడు. దారిన పోయే అన్ని కులాలవాళ్ళకీ అక్కడ అన్నం పెడతారనీ, జబ్బుపడ్డవాళ్ళకి వైద్యం చేస్తారనీ, గర్భిణులకి పురుడు పోస్తారనీ అందులో చెప్పుకున్నాడు. ఆ లేఖ చదివినప్పుడు నాకు నిజంగా గర్వం కలిగింది. ఆ వెంటనే ఆడబుద్ధి ఒకటి అడ్డం తగిలింది. పురుడు పోసిన గది కడిగిందెవరు?

మన గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ కథ ఇంకొంచెం దగ్గరి కథ. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా వేళ కాని వేళలో వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకి ఆమెకి పిలుపొస్తే వెళ్ళలేదనీ, ఆమె చిత్రపటం మాత్రం వెళ్ళిందనీ చెప్పుకుంటారు. గన్నవరం అక్విడక్టుకి ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. అంతా న్యాయమే. కానీ ‘అన్నపూర్ణ’ అనే బిరుదు వండి వడ్డించడం దగ్గర ఆగిపోతుంది. అన్నం పెట్టడానికి ముందు నీళ్ళు మొయ్యాలి, వడ్లు దంచాలి. పెట్టాక ఆకులు తియ్యాలి, అంట్లు తోమాలి, నేల అలకాలి. పెట్టిన చేతికి పుణ్యం దక్కింది. ఎత్తిన చేతికి ఎంగిలి అంటింది. రెండూ ఒక్క చేతివే అయినప్పుడు కూడా లోకం మొదటి పనినే చూసింది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా అమ్మమ్మ ఇరవై రెండేళ్ళకే భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఒక రైలుస్టేషను ఊళ్ళో యాత్రికుల సత్రంలో వంటకి కుదిరింది. “వంట పెద్ద కష్టం కాదే, బంతి లేచాక ఉంటుంది అసలు సంగతి” అనేది. ఎంగిలాకులు ఎత్తి, నేల మీద పేడనీళ్ళతో శుద్ధి పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ రెండో బంతికి ఆకులు వెయ్యాలి. వంగిన నడుం అలాగే ఉండిపోయింది. ఆవిడ ఎవరింటికి చుట్టంగా వెళ్ళినా తన ఆకు తనే తీసుకునేది. పడుకున్న చాప తనే చుట్టి మూల నిలబెట్టేది. “మనం వచ్చిన ఆనవాలు అక్కడ మిగలకూడదు” అని మాకు నేర్పింది. భీమిలిలో దుప్పట్లు మడతలు పెట్టింది ఆవిడ చేతులే.

నేను ఈ సంగతి చెప్తుంటే, బాత్‌రూం కడిగి చీర కుచ్చెళ్ళు దింపుకుంటూ వచ్చిన స్నేహితురాలు నెమ్మదిగా అడిగింది. “ఆ ఆకులు గోడవతల పడేశాక ఏమయ్యేవో మీ అమ్మమ్మ చెప్పిందా?” చెప్పలేదు. గోడవతల ఆ ఆకుల కోసం మనుషులు కాచుకుని ఉండేవారని ఆమె చెప్పింది. వాళ్ళ నాయనమ్మ ఒక సత్రం గోడ దగ్గర అలా నిలబడ్డ పిల్లల్లో ఒకతె.

వాళ్ళమ్మ ఒక జిల్లా ఊళ్ళో ట్రావెలర్స్ బంగళా ఊడ్చేది. కంపెనీవాళ్ళు, తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వంవాళ్ళు తమ ఉద్యోగుల ప్రయాణాల కోసం దారి పొడుగునా కట్టించిన బంగళాలవి. మనవాళ్ళు ముసాఫరు బంగళా అన్నారు. ముందు వరండా, ఎత్తు కప్పు, గదికో స్నానాలగది. ఆ స్నానాలగదికి పెరటివైపు ఇంకో చిన్న తలుపు ఉంటుంది. అది స్నానం చేసేవాళ్ళ కోసం పెట్టింది కాదు, మలం ఎత్తేవాళ్ళ కోసం పెట్టింది. లోపలి దొరకి కనబడకుండా వచ్చి, తొట్టి తీసుకుని, కనబడకుండా పోవాలి. అంటే ఆ ఇంటి ప్లానులోనే కులం గీసి ఉంది. “మా అమ్మ వెంట వెళ్ళి ఆ బంగళా చూశాను. కానీ నాకు తెలిసింది దాని స్నానాలగది వరకే. మంచం ఏ రంగో నాకు తెలీదు” అంది. తర్వాత్తర్వాత లెక్చరరై, ఎలక్షన్ డ్యూటీ మీద అలాంటిదే ఒక బంగళాలో దిగింది. తెల్లారి లేచి బాత్‌రూం తనే కడిగి తాళం ఇచ్చింది. ఇప్పటికీ ఎక్కడ దిగినా ఆ పని ఇంకొకళ్ళకి వదలలేదు. నాది అలవాటు. ఆమెది అలవాటు కాదని అప్పుడు అర్థమైంది.

సత్రం గుమ్మం, గ్లాసు, పళ్ళెం అందరివీ కావడానికి చట్టం కావలసి వచ్చింది. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. హోటళ్ళలో, ధర్మశాలల్లో, సరాయిల్లో, ముసాఫిర్‌ఖానాల్లో అందరికోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని ఆ చట్టం విడిగా పేర్కొంది. పాత్రల ప్రస్తావన చట్టంలోకి ఎక్కిందంటే అంతకు ముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లో, రెండోది 2013లో వచ్చాయి. విడిదికి వచ్చేవాళ్ళ హక్కు గురించిన చట్టానికీ, విడిది కడిగేవాళ్ళ గురించిన మొదటి చట్టానికీ మధ్య ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిచాయి.

ముసాఫరు బంగళాల్లో ఒక రిజిస్టరు ఉండేది. దిగినవాళ్ళు పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, కట్టిన రుసుము రాసి, చివర తమ అభిప్రాయం రాయాలి. గది మురికిగా ఉందని దొర ఒక్క ముక్క రాస్తే ఊడ్చేవాళ్ళకి మాట పడేది. ఆ చివరి గడే ఇవాళ చుక్కల రూపంలో మన ఫోన్లలోకి వచ్చిందని మా చరిత్ర అమ్మాయి అంది. 2008లో అమెరికాలో మొదలైన ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వెబ్‌సైట్ల వల్ల ఎవరి ఇల్లయినా విడిది కావచ్చు. దిగినవాళ్ళు ఇంటికి మార్కులు వేస్తారు. ఇంటివాళ్ళు దిగినవాళ్ళకి మార్కులు వేస్తారు. ఊడ్చేవాళ్ళు ఎవరికీ వెయ్యరు. శుభ్రం చేసినందుకని ఛార్జీ తీసుకుంటూనే దుప్పట్లు ఉతకమనీ, నేల ఊడ్చమనీ జాబితాలు ఇస్తున్నారని అక్కడి అతిథులు గొడవపడ్డారు. 2022 నవంబరులో ఆ కంపెనీ అధినేత బ్రయాన్ చెస్కీ ఒక గీత గీశాడు. పక్కబట్టలు తియ్యడం, బట్టలు ఉతకడం, నేల శుభ్రం చెయ్యడం అతిథులతో చేయించకూడదు, దీపాలు ఆర్పడం, మిగిలిన తిండి చెత్తలో వెయ్యడం, తలుపులు తాళం వెయ్యడం అడగొచ్చు అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ తగాదాలో ఇద్దరే ఉన్నారు, ఇల్లు ఇచ్చినవాళ్ళు, దిగినవాళ్ళు. చీపురు పట్టుకునే మూడో మనిషి ఇక్కడా పెరటివైపే ఉంది.

ఆ మూడో మనిషి పదింబావుకే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. నేను మడతలు పెట్టిన దుప్పట్లు చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. “ఇలా మడతెట్టేత్తే ఏది వాడిందో ఏది వాడందో నాకెలాగ తెలుత్తాదమ్మా? అన్నీ ఇప్పి సూసుకోవాల” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మమ్మ పాఠం ఇక్కడ పనికిరాలేదు. వచ్చిన ఆనవాలు దాచేస్తే ఆవిడ పని పెరుగుతోంది.

అప్పుడు అడిగాం, మేమేం చేస్తే నీకు సులువని. అలా అడిగినవాళ్ళు లేరనుకుంటాను, కాసేపు మా మొహాలు చూసింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి చెప్పింది. వాడిన దుప్పట్లు, గలీబులు ఒకచోట కుప్పగా పడెయ్యండి, చాలు. తడి తువ్వాళ్ళు పరుపు మీద వెయ్యకండి, పరుపు ఆరడానికి పూట పడుతుంది. గ్లాసు పగిలితే దాచకండి, కాగితంలో చుట్టి నాకు చెప్పండి, చెత్తలో చెయ్యి పెట్టేది నేనే. నెలసరి బట్టలు, ప్యాడ్లు చుట్టి విడిగా పెట్టండి, టాయిలెట్లో వెయ్యకండి. ఎంగిలి, మిగిలిన కూరలు గిన్నెల్లో ఎండబెట్టకండి, కాసిని నీళ్ళు పొయ్యండి. అన్నిటికంటే ముఖ్యం, ఇసక. సముద్రం నించి వచ్చి కాళ్ళు బయట కుళాయి దగ్గర కడుక్కోండి. ఇసక లోపలికొస్తే తూము మూసుకుంటుంది, తూము మూసుకుంటే ఇంటాయన నన్నంటాడు. కాళ్ళు కడుక్కుని గుమ్మం ఎక్కడం మనకి పుట్టినప్పటినించీ తెలిసిందే. ఏసీ గదిలోకి చెప్పులతో నడిచినప్పుడు అది మర్చిపోయాం.

ఇంకో మాట కూడా అంది. “పదకొండుకి వెళ్ళిపోండమ్మా. రెండింటికి ఇంకో జట్టు వత్తారు.” ఆ మూడు గంటల్లో మూడు గదులు, వంటిల్లు, బాత్‌రూములు. మేం అరగంట కబుర్లు చెప్పుకుంటే ఆ అరగంట ఆవిడ నడుం మీద పడుతుంది. బిల్లులో వేసిన క్లీనింగ్ ఛార్జీలో నీకెంత వస్తుందని మా చిన్నమ్మాయి అడిగింది. ఆవిడ చెప్పిన అంకె అందులో సగం కూడా లేదు. “డబ్బులు కట్టాం కదా” అన్న అమ్మాయి మంచం దిగింది. ఏమీ అనకుండా బిల్లు ఇంకోసారి చూసుకుంది. తేడా డబ్బులు మేం అయిదుగురం వేసుకుని ఆవిడ చేతికిచ్చాం. ఇంటాయనకి కూడా ఆ అంకె గురించి రాద్దామని నేనంటే ఆవిడ కంగారుపడి వద్దంది, ఉన్న పని పోతుందని. మేం రాయలేదు. అది సరైనదో కాదో ఇప్పటికీ మా అయిదుగురిలో ఏకాభిప్రాయం లేదు.

బాత్‌రూం కడిగిన స్నేహితురాలిని ఆవిడ వింతగా చూసింది. “మీరెందుకమ్మా కడిగేరు?” అంది. ఆమె జవాబు చెప్పలేదు. ఇద్దరూ కలిసి తడి తువ్వాళ్ళు బయటి తీగ మీద ఆరేశారు.

తాళం ఇచ్చేటప్పటికి పదకొండుకి అయిదు నిమిషాలుంది. దుప్పట్లు గది మధ్యలో కుప్పగా ఉన్నాయి. వాటిని అలా వదిలి గుమ్మం దాటడం నాకు కష్టంగానే అనిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.