ఎవరీ మర్రి శ్రీనివాస్ రెడ్డి? హాజీపూర్ బావుల్లో నాలుగేళ్లు దాగిన నిజం ఎలా బయటపడింది?

2019 ఏప్రిల్ 25. యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మలరామారం మండలం, హాజీపూర్. తొమ్మిదో తరగతి పూర్తి చేసిన 14 ఏళ్ల అమ్మాయి స్పెషల్ క్లాస్‌కు వెళ్లి తిరిగి ఇంటికి రాలేదు. తల్లిదండ్రులు, ఊరోళ్లు రాత్రంతా వెతికారు. మరుసటి రోజు ఓ పాడుబడ్డ వ్యవసాయ బావి దగ్గర ఆమె స్కూల్ బ్యాగ్ దొరికింది. బావిలోకి దిగి చూస్తే మృతదేహం కనిపించింది.

అప్పటికి అందరూ అనుకున్నది ఒక్క హత్య గురించే. కానీ నాలుగైదు రోజుల్లోనే అదే బావిలో మరో అమ్మాయి అవశేషాలు బయటపడ్డాయి. ఆ తర్వాత దగ్గర్లోని ఇంకో బావిలో మూడో బాలిక అవశేషాలు దొరికాయి. మూడు హత్యలకూ నిందితుడు ఒక్కడే. అదే ఊరివాడు. పేరు మర్రి శ్రీనివాస్ రెడ్డి. లిఫ్ట్ మెకానిక్.

ఈ కథనంలో బాధితుల పేర్లు రాయడం లేదు. పోక్సో చట్టం ప్రకారం రాయకూడదు కూడా. అప్పట్లో కొన్ని చోట్ల ఫొటోలతో సహా వేశారు, అది వేరే సంగతి.

ముగ్గురూ ఎవరు? ఎప్పుడు మాయమయ్యారు?

వరుసలో చూస్తే మొదటి ఘటన 2015 ఏప్రిల్‌లో జరిగింది. హాజీపూర్ పక్కనే ఉన్న మైసిరెడ్డిపల్లికి చెందిన 11 ఏళ్ల బాలిక, ఆరో తరగతి విద్యార్థిని, కనిపించకుండా పోయింది. నాలుగేళ్ల పాటు ఆ పాప ఏమైందో ఎవరికీ తెలియలేదు. ఇంట్లోవాళ్లు ఎక్కడో బతికే ఉందన్న ఆశతో ఎదురుచూస్తూ ఉండిపోయారు.

రెండో అమ్మాయి కాలేజీ విద్యార్థిని, హాజీపూర్‌కే చెందినామె. 2019 మార్చి 9న మాయమైంది. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్న అనుమానంతో, పరువు పోతుందన్న భయంతో కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేయలేదని అప్పటి వార్తల్లో వచ్చింది. నిజానికి ఆమె మృతదేహం ఊరి పొలిమేరల్లోనే, బావిలో మట్టి కింద ఉంది. ఆ తర్వాత నెలన్నరకే ఏప్రిల్ 25 ఘటన.

అంటే మొదటి హత్యకూ రెండో హత్యకూ మధ్య నాలుగేళ్లు. రెండో దానికీ మూడో దానికీ మధ్య 47 రోజులు. సీరియల్ కిల్లర్ల విషయంలో పరిశోధకులు తరచూ చెప్పే మాట ఒకటుంది. దొరకలేదన్న ధైర్యం పెరిగే కొద్దీ హత్యల మధ్య విరామం తగ్గుతూ వస్తుంది. హాజీపూర్ తేదీలు అచ్చం అట్లనే ఉన్నాయి.

'లిఫ్ట్' ఇస్తానని..

పోలీసులు చెప్పిన దాని ప్రకారం శ్రీనివాస్ రెడ్డి పద్ధతి చాలా సింపుల్. ఒంటరిగా నడిచి వెళ్తున్న అమ్మాయి పక్కన బండి ఆపుతాడు. ఇంటి దగ్గర దింపుతానంటాడు. ఊరివాడే, మొహం తెలిసినవాడే కాబట్టి ఎక్కుతారు. అక్కడి నుంచి నేరుగా బావి వైపు. అత్యాచారం, హత్య, ఆనవాళ్లు దొరక్కుండా బావిలోనే పూడ్చేయడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ ఊరి పరిస్థితి చూడాలి. హాజీపూర్‌కు సరైన బస్సు సౌకర్యం లేదు. చదువుకునే పిల్లలు మెయిన్ రోడ్డు మీద దిగి నడుచుకుంటూ రావాలి, లేదంటే ఆ దారిన పోయే బండ్లను లిఫ్ట్ అడగాలి. ఇది హాజీపూర్ ఒక్కదాని సమస్య కాదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పల్లెల్లో స్టేజీ దగ్గర బస్సు దిగి రెండు మూడు కిలోమీటర్లు నడిచే ఆడపిల్లలు ఇప్పటికీ ఎంతమంది లేరు? ఆటో దొరక్కపోతే తెలిసిన వాళ్ల బండి ఎక్కడం తప్పు ఎట్లా అవుతుంది? 'అమ్మాయిలు ఎవరి బండీ ఎక్కొద్దు' అని సలహా ఇవ్వడం ఈజీనే. ఊరికి బస్సు వేయించడమే కష్టం. కేసు బయటపడ్డాక హాజీపూర్ జనం ధర్నాల్లో అడిగిన వాటిలో రవాణా సౌకర్యం కూడా ఉందంటేనే అర్థం చేసుకోవచ్చు.

బావుల సంగతీ అంతే. బోర్లు వచ్చాక పాత వ్యవసాయ బావులను వదిలేశారు. చుట్టూ తుప్పలు, లోపల చెత్త. అటువైపు ఎవరూ పోరు.

పాత కేసు ఉన్నా..

శ్రీనివాస్ రెడ్డికి పోలీసు రికార్డు కొత్త కాదు. లిఫ్ట్ పనుల మీద ఊళ్లు తిరిగే రోజుల్లో కర్నూలులో ఓ మహిళ హత్య కేసులో అతను నిందితుడని రాచకొండ పోలీసులు వెల్లడించారు. ఆ కేసు ఉన్నవాడు సొంతూళ్లో మామూలుగా తిరిగాడు. పక్కూరి బాలిక 2015 నుంచి కనబడకపోయినా, ఆ రెండింటినీ కలిపి చూసినవాళ్లు లేరు. ఎందుకంటే ఆ పాప కేసు 'మిస్సింగ్' ఫైల్. కర్నూలుది 'మర్డర్' ఫైల్. రెండూ వేర్వేరు స్టేషన్లు, పైగా 2014 తర్వాత వేర్వేరు రాష్ట్రాలు.

2019 ఏప్రిల్ 30న అప్పటి రాచకొండ కమిషనర్ మహేష్ భగవత్ మీడియా ముందు అరెస్టును ప్రకటించారు. ఊరు ఒక్కసారిగా భగ్గుమంది. నిందితుడి ఇంటిపై జనం దాడి చేశారు. రోడ్డెక్కారు, దీక్షలకు కూర్చున్నారు. నిర్లక్ష్యం ఆరోపణలపై బొమ్మలరామారం ఎస్సైని సస్పెండ్ చేశారు.

అమెరికాలోనూ ఇదే తీరు

సీరియల్ కిల్లర్ అనగానే మనకు గుర్తొచ్చేది అమెరికా. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని టెడ్ బండీ పేరు ఇక్కడి కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. 1974 జులై 14న వాషింగ్టన్ రాష్ట్రంలోని సమామిష్ సరస్సు దగ్గర బండీ చేతికి కట్టుతో తిరిగాడు. పడవ ఎక్కించడానికి సాయం చేయమని అమ్మాయిలను అడిగాడు. ఆ ఒక్క రోజే ఇద్దరు మాయమయ్యారు. చివరికి 30 హత్యలు ఒప్పుకున్నాడు. 1989 జనవరి 24న ఫ్లోరిడాలో ఎలక్ట్రిక్ చెయిర్‌పై మరణశిక్ష అమలైంది. ఒకడు సాయం అడిగాడు, ఇంకొకడు సాయం చేస్తానన్నాడు. ఇద్దరూ వాడుకున్నది ఎదుటివాళ్ల నమ్మకాన్నే. సినిమాల్లో చూపించే అతి తెలివి ఇద్దరిలోనూ పెద్దగా లేదు.

కానీ హాజీపూర్‌కు దగ్గరగా ఉండేది బండీ కాదు, గ్యారీ రిడ్జ్‌వే కేసు. సియాటిల్ పక్కన గ్రీన్ రివర్‌లో 1982లో శవాలు బయటపడటం మొదలైంది. బాధితుల్లో చాలామంది ఇల్లు వదిలి వచ్చిన టీనేజ్ అమ్మాయిలు, సెక్స్ వర్కర్లు. మాయమైనా 'ఎటో వెళ్లిపోయి ఉంటుందిలే' అనుకునే మనుషులు. రిడ్జ్‌వే 1980ల్లోనే అనుమానితుల జాబితాలో ఉన్నాడు. 1984లో లై డిటెక్టర్ పరీక్ష పాసయ్యాడు కూడా. 1987లో తీసుకున్న లాలాజలం శాంపిల్‌ను కొత్త డీఎన్‌ఏ టెక్నాలజీతో పోల్చి చూస్తేగానీ 2001లో దొరకలేదు. 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు.

'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది' అన్న మాట సియాటిల్‌లోనూ ఉంది, హాజీపూర్‌లోనూ ఉంది. హంతకుడికి ఆ మాట ఇచ్చినంత టైమ్ ఇంకేదీ ఇవ్వలేదు.

మన దగ్గర ఇంకెవరైనా?

ఉన్నారు. 2021 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న మైనా రాములుపై లెక్క తేలినవి 18 హత్యలు. కల్లు కాంపౌండ్ల దగ్గర ఒంటరి మహిళలతో మాట కలిపి, శివార్లకు తీసుకెళ్లి చంపేవాడు. 2011లో జీవిత ఖైదు పడింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి నుంచి తప్పించుకుని మళ్లీ హత్యలు చేశాడు. ఇక్కడా చనిపోయినవాళ్లు అడిగేవాళ్లు పెద్దగా లేని మహిళలే.

వరంగల్ దగ్గర గొర్రెకుంట కేసు మాత్రం కాస్త వేరు. 2020 మే 21, 22 తేదీల్లో బావిలో 9 మృతదేహాలు దొరికాయి. అంతకుముందు మార్చిలో చేసిన ఒక హత్య బయటపడకుండా ఉండేందుకే సంజయ్ కుమార్ యాదవ్ అనే బిహార్ యువకుడు అన్నంలో నిద్రమాత్రలు కలిపి ఈ తొమ్మిది మందినీ చంపాడని పోలీసులు తేల్చారు. ఒకే రాత్రి ఎక్కువ మందిని చంపితే దాన్ని సామూహిక హత్య అంటారు. వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని లేదా అంతకంటే ఎక్కువ మందిని చంపితే సీరియల్ హత్యలు. ఇది అమెరికా ఎఫ్‌బీఐ పెట్టుకున్న నిర్వచనం. మన చట్టాల్లో సీరియల్ కిల్లర్ అనే మాటే లేదు, ప్రతి హత్యా విడిగా ఒక కేసే. హాజీపూర్‌లోనూ అందుకే మూడు కేసులు, మూడు తీర్పులు.

కోర్టులో ఏం జరిగింది?

నల్గొండలోని పోక్సో ప్రత్యేక కోర్టు విచారణ జరిపింది. 101 మంది సాక్షులను విచారించారు. హత్యలను కళ్లారా చూసినవాళ్లు లేరు. ఫోరెన్సిక్ రిపోర్టులు, డీఎన్‌ఏ, సాంకేతిక ఆధారాల మీదే కేసు నిలబడింది. శ్రీనివాస్ రెడ్డి మాత్రం ఈ నేరాలతో తనకు సంబంధం లేదనే చెప్పాడు.

ఈ మధ్యలోనే 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగింది. 'వీడినీ అట్లనే చేయండి' అంటూ హాజీపూర్ జనం రోడ్డు మీదికి వచ్చారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఎన్‌కౌంటర్ అయిపోయి ఉంటే 2015లో ఆ పాప ఎలా మిస్సయింది, ఎక్కడ లోపం జరిగిందన్నది కోర్టు రికార్డుకు ఎక్కేదే కాదు.

2020 ఫిబ్రవరి 6న తీర్పు వచ్చింది. మూడు కేసుల్లోనూ దోషే. రెండింటిలో ఉరిశిక్ష, ఒకదాంట్లో జీవిత ఖైదు. సరిగ్గా వారం ముందు, జనవరి 30న, ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 'సమత' కేసులో ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర 2019 నవంబర్‌లో జరిగిన ఆ దారుణం మన ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే మహిళ, నడిచి వెళ్లే దారి, ఒంటరితనం. అక్కడా అదే బలహీనతను వాడుకున్నారు.

ఉరిశిక్ష అనగానే కథ అయిపోయిందనుకుంటారు చాలామంది. అట్లేం కాదు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖరారు చేయాలి, అప్పటిదాకా అమలు చేయడానికి లేదు. హనుమకొండలో 9 నెలల పసిపాప కేసులో 2019 ఆగస్టులో ఉరిశిక్ష పడితే, అదే ఏడాది నవంబర్‌లో హైకోర్టు దాన్ని చనిపోయే వరకు జైలుగా మార్చింది. ఇక దేశమంతా వణికిన నోయిడా నిఠారీ కేసులో, ఉరిశిక్ష పడ్డ సురేంద్ర కోలీని 2023 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో నిర్దోషిగా వదిలేసింది, దర్యాప్తు తీరును గట్టిగా తప్పుపట్టింది. నిఠారీలోనూ పిల్లలు కనిపించడం లేదని తల్లిదండ్రులు మొదటి నుంచీ మొత్తుకున్నారు.

ఇంట్లో పిల్ల కనిపించకపోతే ఏం చేయాలి?

'24 గంటలు ఆగండి, వస్తుందిలే' అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మైనర్ కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. 'మా స్టేషన్ పరిధి కాదు' అని తిప్పి పంపడానికీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎస్‌హెచ్‌ఓ తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి లేదా కమిషనర్‌కు పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఎమర్జెన్సీకి 112, పిల్లల విషయమైతే 1098.

ఫిర్యాదు రాసేటప్పుడు చివరిసారి ఎక్కడ చూశారు, ఏ బట్టలు వేసుకుంది, ఫోన్ ఉంటే నంబర్, ఏ దారిన ఇంటికి వస్తుంది అన్నవి తప్పక రాయించండి. అమ్మాయి ఎవరితోనైనా మాట్లాడుతోందా అన్న ప్రశ్న స్టేషన్‌లో మొదట అడుగుతారు. తెలిసింది చెప్పండి. కానీ ఆ ఒక్క జవాబు విని వెతకడం ఆపేస్తామంటే ఒప్పుకోవద్దు.