ఆగినవాడికే శిక్ష: ఆపదలో సాయానికి రాజ్యం కట్టిన వెల

రోడ్డు ప్రమాదం జరిగిన చోట జనం మూగుతారు, ఫోన్లు పైకి లేస్తాయి, ఒంటిమీద చెయ్యి వేసేవాడు మాత్రం ఒకపట్టాన ముందుకు రాడు. మర్నాడు ఆ వీడియో చూసి ‘మానవత్వం మంటగలిసింది’ అని నిట్టూరుస్తాం. పూర్వం మనుషులు మంచివాళ్లనీ, ఇప్పటివాళ్ల గుండె బండబారిందనీ ఆ నిట్టూర్పుకు అర్థం. చరిత్ర తిరగేస్తే లెక్క అంత సులువుగా తేలదు. ఆపదలో ఉన్నవాడి దగ్గరకు వెళ్లడానికో, వెళ్లకపోవడానికో రాజ్యం ఎప్పటికప్పుడు ఒక వెల కడుతూ వచ్చింది. జనం నడత చాలావరకు ఆ వెలను బట్టే మారింది.

మన పాత శాస్త్ర గ్రంథాలు వెళ్లనివాడి మీదే వెల మోపాయి. ఊరి మీద దోపిడీ జరిగినా, కట్ట తెగినా, దారిలో దొంగలు పడినా శక్తి ఉండీ పరుగెత్తుకు రానివాళ్లను తట్టాబుట్టతో సహా వెళ్లగొట్టమంటుంది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం. అర్థశాస్త్రం ఇంకాస్త లెక్కగా చెబుతుంది: పక్కన ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి రాని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు జరిమానా. ఇవి ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే సంగతి. కులాన్ని బట్టి మనిషి ప్రాణానికి హెచ్చుతగ్గులు కట్టిన కాలం అది. అయినా పొరుగువాడి కేక విని కదలకపోవడం తప్పేనన్న ఆలోచన మాత్రం శాసనంలోకి ఎక్కింది.

ఆ ఆలోచనను తెలిసి తెలిసి పక్కన పెట్టినవాడు మెకాలే. ఆయన నాయకత్వంలోని లా కమిషన్ 1837లో భారత శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసింది. చేయకూడని పని చేయడం నేరం సరే, చేయవలసింది చేయకపోవడం ఎప్పుడు నేరమవుతుందన్న ప్రశ్న వచ్చింది. ధనవంతుడు పిడికెడు అన్నం పెట్టక బిచ్చగాడు చచ్చిపోతే అది హత్యా? ఫలానా ఆపరేషన్ చేయగల ఒకే ఒక్క సర్జన్ కలకత్తా నుంచి మీరట్ వెళ్లనంటే, రోగి చావుకు అతను బాధ్యుడా? కాదనే తేల్చారు. చెడు చేయకుండా ఆపడం వరకే చట్టం పని. మంచి చేయించడం మతానికీ నీతికీ వదిలెయ్యాలన్నారు. గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టి అప్పటికి నాలుగైదేళ్లే అయింది. 1860లో వచ్చిన శిక్షాస్మృతి ఆ దారినే నడిచింది. తల్లిదండ్రులకు, జైలు అధికారులకు, అలా చట్టం ముందే బాధ్యత మోపినవాళ్లకు తప్ప, దారిన పోయేవాడికి ఏ కర్తవ్యమూ పెట్టలేదు.

ఫ్రాన్స్ దీనికి ఎదురుదారి పట్టింది. ఆపదలో ఉన్నవాడికి, తనకు ముప్పు లేకుండా సాయపడే వీలుండీ సాయపడకపోవడాన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నేరంగా చేసింది. ఇప్పుడు దానికి ఐదేళ్ల వరకు జైలు, 75,000 యూరోల వరకు జరిమానా. 1997లో పారిస్‌లో డయానా కారు ప్రమాదానికి గురైనప్పుడు, వెంటబడి ఫొటోలు తీసినవాళ్ల మీద ఈ చట్టం కింద కూడా దర్యాప్తు జరిగింది. కేసు చివరికి నిలవలేదు.

ఉదాసీనత గురించి ప్రపంచం ఎక్కువగా చెప్పుకునే కథ మాత్రం న్యూయార్క్‌ది. 1964 మార్చి 13న క్వీన్స్ ప్రాంతంలో కిటీ జెనొవీస్ అనే యువతి హత్యకు గురైంది. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ కూడా పోలీసులకు ఫోన్ చేయలేదని రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ వార్త పుణ్యమా అని జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇంటర్‌కంలో ఒకరికి మూర్ఛ వస్తున్నట్టు వినిపించారు. తాను ఒక్కడే వింటున్నాననుకున్నవాళ్లలో 85 శాతం సాయానికి లేచారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో లేచింది 31 శాతమే. ‘ఎవరో ఒకరు చూస్తార్లే’ అన్న మన మాటకు అంకెలు దొరికాయి.

ప్రయోగం నిలిచింది, దానికి మూలమైన వార్తే నిలవలేదు. దాడి మొత్తాన్ని చూసినవాళ్లు చాలా కొద్దిమందేననీ, మొదట ఒకాయన కిటికీలోంచి అరిస్తే హంతకుడు పారిపోయి మళ్లీ వచ్చాడనీ తర్వాత తేలింది. సోఫియా ఫరార్ అనే పొరుగింటావిడ, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో కూడా తెలియకుండా మెట్లు దిగి పరుగెత్తింది. ప్రాణం పోతున్న కిటీని చేతుల్లోకి తీసుకుంది. 38 మంది కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఈమె పేరు దశాబ్దాలపాటు ఎవరికీ పట్టలేదు. జనం కదలరన్న మాటా నిలవలేదు: 2019లో ఆమ్‌స్టర్‌డాం, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో నమోదైన 219 గొడవలను పరిశోధకులు చూస్తే, పదింట తొమ్మిది చోట్ల ఎవరో ఒకరు కల్పించుకున్నారు.

మరి మన రోడ్ల మీద ఎందుకు వెనకాడతారు? జవాబు 1989 నాటి ఒక కేసులో ఉంది. స్కూటర్ మీద వెళ్తున్న మనిషిని వేగంగా వచ్చిన కారు గుద్దేసింది. దారిన పోయే ఒకాయన, రక్తం ఓడుతున్న అతన్ని లేవనెత్తి దగ్గరలోని ఆస్పత్రికి మోసుకెళ్లాడు. మెడికో లీగల్ కేసులు తాము చూడకూడదని, 20 కిలోమీటర్ల అవతల ఉన్న ఆస్పత్రికి పొమ్మని డాక్టర్లు తిప్పి పంపారు. అక్కడికి చేరేలోపే ప్రాణం పోయింది. ఈ సంగతి రాసిన పేపర్ కటింగ్ పట్టుకుని పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, కాగితాలు తర్వాత అని ఆగస్టు 28న కోర్టు తీర్పిచ్చింది. గమనిస్తే, ఆ కథలో దారిన పోయే మనిషి తన పని తాను చేశాడు. చేతులెత్తేసింది వ్యవస్థ.

తీర్పు డాక్టర్ల సంగతి చూసింది, తెచ్చినవాడి సంగతి అలాగే ఉండిపోయింది. పేరు రాయి, అడ్రస్ చెప్పు, ఎస్సై వచ్చేదాకా కదలకు, అసలు గుద్దింది నువ్వేనేమో! ఆ పైన ఎప్పుడో సాక్షిగా సమన్లు, వాయిదాలు, పోయిన కూలి. సాయానికి పోవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని జనం అనుభవంతో నేర్చుకున్నారు. 2013లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ సర్వే చేస్తే 74 శాతం సాయానికి వెళ్లకపోవచ్చన్నారు. వారిలో 88 శాతం చెప్పిన కారణం పోలీసులూ చట్టపరమైన చిక్కులే.

ఈ వెల తగ్గించిన తొలి అడుగుల్లో ఒకటి మన దగ్గరే పడింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. గాయపడినవాణ్ని ఆటోలో వేసుకుని, బట్టలకు నెత్తురంటించుకుని, క్యాజువాల్టీ గుమ్మంలో జవాబు చెప్పుకోవాల్సిన మనిషికి ఒక్క ఫోన్‌తో దారి దొరికింది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే నంబరు అందుకున్నాయి.

చట్టం మారడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. సేవ్‌లైఫ్ వేసిన వ్యాజ్యంలో, సాయం చేసేవారి రక్షణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు దేశమంతటికీ శాసనం చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేయబోయి ఏదైనా పొరపాటు జరిగినా సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. 2020 నిబంధనల ప్రకారం పేరు, అడ్రస్ చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. తనంతట తాను సాక్షిగా ఉంటానన్నవాణ్ని అతనికి వీలైన చోటే విచారించాలి. గంటలోపు ఆస్పత్రికి చేర్చినవారికి 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టి, 2025లో దాన్ని 25,000 చేశారు.

మన చట్టం ఆగమని దారిన పోయేవాళ్లెవరినీ ఆదేశించదు; ఆగినవాణ్ని శిక్షించనని మాత్రమే మాటిస్తుంది. ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు, ఈ మాట నిలబెట్టుకున్నా చాలు. ఇది చిన్న సంగతి కాదు: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అయితే మాట ఇచ్చిన సంగతి జనానికి తెలియాలిగా. సాయం చేసేవారి హక్కుల పట్టికను ప్రతి ఆస్పత్రీ తన ముఖద్వారం దగ్గరో, అందరికీ కనిపించే చోటో హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు స్థానిక భాషలోనూ పెట్టాలని ఆ 2020 నిబంధనలే చెబుతున్నాయి. ఈసారి ఏ జ్వరానికో ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ పట్టిక తెలుగులో ఉందేమో చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఎవరి నెత్తురూ కళ్లజూడకముందే చేయగలిగిన సాయం అది.